ఏడాదికో టూల్‌కిట్ వస్తోంది, మీ సంస్థల్లో నిజంగా పనికొచ్చినవి చెప్పండి

గోరువంక
ఇళ్లలో పనిచేసే కార్మికుల హక్కుల కోసం నడుస్తున్న చిన్న సంస్థ మాది. జీతం తీసుకునేవాళ్లం కొద్దిమందిమే, మిగతా అంతా వాలంటీర్లు. ఏటా ఎవరో ఒకరు వచ్చి ట్రైనింగ్ ఇచ్చి వెళ్తారు. ఒకసారి లాగ్‌ఫ్రేమ్, ఇంకోసారి థియరీ ఆఫ్ ఛేంజ్, ఈసారి అవుట్‌కమ్ మ్యాపింగ్ అంటున్నారు. అన్నీ పనిని ప్లాన్ చేసుకుని, వచ్చిన మార్పును చూసుకునే పద్ధతులేనట. ఆ రెండు రోజులూ బాగానే ఉంటుంది. గోడ నిండా రంగు కాగితాలు అంటిస్తాం, ఫొటోలు దిగుతాం. వారం తిరక్కుండానే అందరం పాత పనిలో పడిపోతాం.

ఇప్పుడు నిధులిచ్చేవాళ్లు "ఏం మార్పు వచ్చింది" అని అడుగుతున్నారు. మా దగ్గర ఉన్నది ఎన్ని మీటింగులు పెట్టాం, ఎంతమంది వచ్చారు అన్న లెక్క. మార్పు వచ్చిందని మాకు కళ్లకు కనిపిస్తోంది. వారానికో రోజు సెలవు అడిగి సాధించుకున్నవాళ్లు ఉన్నారు, జీతం ఎగ్గొట్టిన యజమాని ఇంటికి నలుగురూ కలిసి వెళ్లి వసూలు చేసుకున్నవాళ్లు ఉన్నారు. అది ఏ కాలమ్‌లో రాయాలో తెలియడం లేదు. సభ్యుల వివరాలు సగం ఒకావిడ ఫోన్లో, సగం ఇంకొకరి నోట్‌బుక్‌లో ఉన్నాయి.

ఏది మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి? మీరు రోజూ వాడేవి మాత్రమే చెప్పండి.

లెక్కలమాస్టారు
అందరూ తిట్టేదాన్ని నేను వెనకేసుకొస్తాను. లాగ్‌ఫ్రేమ్ చెడ్డది కాదు. 1969లో అమెరికా ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం తయారైంది. అప్పటి బాధ కూడా మీ బాధే: ప్రాజెక్టులు నడుస్తున్నాయి, ఎందుకు నడుస్తున్నాయో ఎవరూ తేల్చి చెప్పలేకపోతున్నారు. అదొక పట్టిక అంతే: నాలుగు అడ్డవరుసలు, నాలుగు నిలువువరుసలు. పనులు, వాటివల్ల చేతికి వచ్చేవి, వాటివల్ల జరగాల్సిన మార్పు, చివరికి చేరాలనుకునే గమ్యం. ఒక్కోదానికీ గుర్తు ఏమిటి, రుజువు ఎక్కడ దొరుకుతుంది, ఏం జరుగుతుందని నమ్మి ఈ పని చేస్తున్నాం.

ఆ చివరి కాలమ్, అంటే ఊహలు రాసేది, అందరూ ఆఖరి నిమిషంలో ఏదో ఒకటి రాసి పారేస్తారు. అసలు ప్రాణమంతా అక్కడే ఉంది. "హక్కుల గురించి తెలిస్తే కార్మికులు సెలవు అడుగుతారు" అన్నది మీ ఊహ. అడిగితే పని పోతుందన్న భయం ఉంటే తెలిసినా అడగరు. అప్పుడు మీరు పెట్టాల్సింది ఇంకో అవగాహన మీటింగ్ కాదు, పని పోయినవాళ్లకు వెంటనే ఇంకో ఇల్లు చూపించే ఏర్పాటు. ఆ ఒక్క కాలమ్ నిజాయితీగా నింపితే మీ ఏడాది ప్లానే మారిపోతుంది.

పల్లెబాట
మాస్టారూ, మీరు చెప్పినట్టు నింపేవాళ్లను నేను చూడలేదు. ఆఫీసులో ఇద్దరు కూర్చుని, పాత ప్రపోజల్ ముందు పెట్టుకుని నింపుతారు. అందులో ఉన్న మనుషులకు ఆ కాగితం ఒకటి ఉందని కూడా తెలీదు.

అదే 1969లో షెర్రీ ఆర్న్‌స్టయిన్ అనే ఆవిడ ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీసింది. అట్టడుగు మెట్టు జనాన్ని మభ్యపెట్టడం, పై మెట్టు నిర్ణయం పూర్తిగా జనం చేతిలో ఉండటం. మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం లాంటివి. ఇవి చూడ్డానికి భాగస్వామ్యంలా ఉంటాయి గానీ వాటితో అధికారం చేతులు మారదని ఆవిడ వాదన. గోరువంక గారూ, టూల్ ఎంచుకునే ముందు మీ సభ్యులు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో చూడండి. ఈ ఏడాది ఏం పని చేయాలో వాళ్లే నిర్ణయించారా, లేక మీరు నిర్ణయించి వాళ్లను పిలిచారా?

కొత్తచిగురు
మధ్యలో వస్తున్నా. అవుట్‌పుట్, అవుట్‌కమ్ రెండూ ఒకటి కాదా? మా ఆఫీసులో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు.

లెక్కలమాస్టారు
కాదమ్మా. మీరు చేసిన పని నుంచి నేరుగా వచ్చేది అవుట్‌పుట్. "అరవై మందికి శిక్షణ ఇచ్చాం." ఆ తర్వాత వేరేవాళ్ల ప్రవర్తనలోనో, పరిస్థితిలోనో వచ్చే తేడా అవుట్‌కమ్. "వాళ్లలో ఇరవై మందికి ఇప్పుడు వారంలో ఒక పూర్తి రోజు సెలవు ఉంది." మొదటిది మీ చేతిలో ఉంటుంది, రెండోది ఉండదు. అందుకే రాయడానికి అందరికీ భయం.

గోరువంక గారూ, మీకు కొలబద్ద కూడా వెతుక్కోనక్కర్లేదు. ఇంటిపని కార్మికుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. వారానికి కనీసం 24 గంటలు ఏకబిగిన విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. మీ సభ్యుల్లో ఎంతమందికి అది దొరుకుతోంది? ఆరునెలలకోసారి అదే ప్రశ్న అడగండి. నిధులిచ్చేవాళ్లకు అంతకంటే సూటి జవాబు ఉండదు.

సంధ్యారాగం
సెలవు లెక్కతో పాటు ఇంకోటి. గోరువంక గారు చెప్పిన "నలుగురూ కలిసి వెళ్లి వసూలు చేసుకోవడం" ఏ కాలమ్‌లోనూ పట్టదు, ఎందుకంటే అలా జరుగుతుందని ముందుగా ఎవరూ అనుకోలేదు. దానికోసమే మోస్ట్ సిగ్నిఫికెంట్ ఛేంజ్ అనే పద్ధతి ఉంది. 1990ల మధ్యలో రిక్ డేవిస్ బంగ్లాదేశ్‌లో ఒక గ్రామీణ కార్యక్రమంతో కలిసి పనిచేస్తూ తయారుచేశాడు.

చేయాల్సింది ఇంతే. ఒక్కటే ప్రశ్న: "ఈ మూడు నెలల్లో మీ జీవితంలో వచ్చిన అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఏది? అది ఎందుకు ముఖ్యం?" వచ్చిన కథలన్నీ ఒకచోట చదువుతారు. అందరూ కలిసి వాటిలో ఒకటి ఎంచుకుంటారు. ఎందుకు ఎంచుకున్నారో రాసిపెడతారు. ఆ కారణం కథ చెప్పినవాళ్లకు తిరిగి చేరాలి.

వికలాంగుల సంఘాలతో పనిచేస్తాం మేం. ర్యాంపులు, పింఛన్లు లెక్కపెట్టేవాళ్లం. కథలు అడిగితే ఒకాయన ర్యాంపు ఊసే ఎత్తలేదు. "మా ఇంట్లో పెళ్లి మాటలకు ఇప్పుడు నన్నూ కూర్చోబెడుతున్నారు" అన్నాడు. ఏ కథ ఎంచుకోవాలన్న దానిమీద గంటన్నర వాదించుకున్నారు సభ్యులు. సంస్థకు ఏది ముఖ్యం, వాళ్లకు ఏది ముఖ్యం అన్న తేడా ఆ గంటన్నరలో బయటపడింది. మరుసటి ఏడాది ప్లాన్‌లో కుటుంబాలతో మాట్లాడే పని వచ్చి చేరింది.

రెండోమాట
సంధ్యారాగం గారితో సగమే ఏకీభవిస్తాను. మంచి కథలు పైకి తేలతాయి, చెడ్డవి కిందే ఉండిపోతాయి. నిధులిచ్చేవాళ్లు ఒక్క కన్నీటి కథ చూసి మురిసిపోతారు. మిగతా తొంభై మంది సంగతేంటి? ఒక కథ ఎంత నిజమైనా అది ఎంతమందికి వర్తిస్తుందో చెప్పదు.

సంధ్యారాగం
మీరన్నది నిజమే, అందుకే ఒంటరిగా వాడకూడదు. మేం రెండు జాగ్రత్తలు తీసుకుంటాం. ప్రతిసారీ ఒక విడి ప్రశ్న: "మా పనివల్ల ఏదైనా చెడు జరిగిందా, ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా?" ఇది కచ్చితంగా అడగాల్సిందే, లేకపోతే ఎవరూ చెప్పరు. రెండోది, ఎంచుకున్న కథను సరిచూడటం. ఇంకో మనిషి వెళ్లి జరిగింది నిజమేనా, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి అని కనుక్కుంటారు. మాస్టారు చెప్పిన అంకె పక్కన ఈ కథ పెడితే రెండూ ఒకదాన్నొకటి నిలబెడతాయి.

దండోరా
ఇంతవరకూ అందరూ రిపోర్టు గురించే మాట్లాడారు. ఒక్కరూ గెలవడం గురించి మాట్లాడలేదు. కొలవడం తర్వాత సంగతి. సెలవు ఇచ్చేది ఎవరు? ఇవ్వనిది ఎవరు? వాళ్లను కదిలించగలిగేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు లేని సంస్థ ఎంత మంచి లాగ్‌ఫ్రేమ్ రాసినా మీటింగులే పెడుతూ ఉంటుంది.

మా దగ్గర ప్రతి ప్రచారానికి ముందు రెండు బొమ్మలు గీస్తాం. ఒకటి అధికార పటం. పెద్ద కాగితం మీద పైనుంచి కిందికి ఎంత అధికారం ఉంది, ఎడమనుంచి కుడికి మనవైపా ఎదుటివైపా. పేర్లు చీటీల మీద రాసి అంటిస్తాం, వాళ్ల మధ్య సంబంధాలు గీతలతో కలుపుతాం. రెండోది మిత్రుల వలయం. అర్ధచంద్రంలా గీసి ఐదు ముక్కలు చేస్తాం: మనతో నడిచేవాళ్లు, మనసులో మనవైపు ఉన్నవాళ్లు, ఎటూ కానివాళ్లు, లోపల వ్యతిరేకించేవాళ్లు, బాహాటంగా అడ్డుపడేవాళ్లు. అడ్డుపడేవాణ్ణి మన మనిషిని చేయాలని చూస్తే ఏళ్లు గడిచిపోతాయి. ప్రతి ముక్కలోనివాళ్లనీ ఒక్క ముక్క ఇటువైపు జరిపితే చాలు, చాలా పోరాటాలు గెలుస్తాయి.

గోరువంక
దండోరా గారూ, మాకు యజమానులు వందల మంది. ఒక్కొక్కరు ఒక్కో ఇల్లు. ఒక ఫ్యాక్టరీకైతే ఒక మేనేజర్ ఉంటాడు, మాకు ఎవరిని పటంలో పెట్టాలి?

దండోరా
మంచి ప్రశ్న. వందల మందినీ విడివిడిగా పెట్టకండి. వాళ్లు ఎక్కడ కలుస్తారో చూడండి. అపార్ట్‌మెంట్ సంఘం ఉందా? దాని కార్యదర్శి ఎవరు? గేటు దగ్గర ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చేది ఎవరు? ఒక సంఘం "వారానికో సెలవు" అని తీర్మానం చేస్తే పక్క సంఘం దగ్గర చూపించడానికి మీకు ఒక కాగితం ఉంటుంది. అన్నిచోట్లా ఒకేసారి వద్దు, గెలవగలిగే ఒక్క సముదాయంతో మొదలుపెట్టండి.

పల్లెబాట
దండోరా అన్నకు ఒక్కటి జోడిస్తా. ఆ పటం ఆఫీసు వాళ్లు గీయకూడదు. మేం తాగునీటి పనిలో ఇది చేసినప్పుడు, మా సిబ్బంది ఇంజనీరును పైన పెట్టారు, అధికారి అని. అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ లేచి ఆ చీటీ పీకి కిందికి దించింది. "ఆయన సంతకం పెడతాడంతే. వాల్వు తిప్పేవాడు ఎవరి మాట వింటాడో అది చెప్పండి" అంది. ఆ పేరు మా సిబ్బంది ఎప్పుడూ విననిది. ఇంటిపని కార్మికులకైతే ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. చదువు రానివాళ్లుంటే పేర్ల బదులు బొమ్మలు, గింజలు, రాళ్లు వాడండి. గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ వంటివాళ్లు నేలమీద ముగ్గుపిండితో, గింజలతో పటాలు గీయించే పద్ధతులకు ప్రచారం తెచ్చింది ఇందుకే. కాగితం, పెన్ను బయటికి తీయగానే సగం మంది వెనక్కి జరుగుతారు.

రెండోమాట
పటాలు గీసినంత మాత్రాన జనం కదలరు కదా. నేను చూసినవన్నీ గీసి, ఫొటో తీసి, చుట్టి బీరువాలో పెట్టినవే.

దండోరా
అందుకే పటం పూర్తయ్యాక లేచి వెళ్లిపోనివ్వం. ప్రతి చీటీ పక్కన ఎవరు వెళ్లి మాట్లాడతారో పేరు రాస్తాం. పేరు లేని చీటీ ఉంటే మీటింగ్ ముగియదు.

చరిత్రలో ఒక్క ఉదాహరణ. అమెరికాలో బస్సుల్లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా నల్లజాతివాళ్లు చేసిన మాంట్‌గొమెరీ బస్సుల బహిష్కరణ అనగానే, తెల్లవాళ్లకు సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్ అందరికీ గుర్తొస్తుంది. ఆవిడ అరెస్టు 1955 డిసెంబర్ 1న, బహిష్కరణ డిసెంబర్ 5న. నాలుగు రోజుల్లో ఊరంతా కదిలిందంటే ఆ ఏర్పాటు అంతకుముందే ఉంది. ఉమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అనే మహిళల సంఘం 1954లోనే మేయర్‌కు ఉత్తరం రాసింది, బహిష్కరణ జరగొచ్చని చెప్పింది. అరెస్టు జరిగిన రాత్రే వేల కరపత్రాలు అచ్చువేశారు. ఎవరెవరికి ఇవ్వాలో, ఎవరు పంచాలో ముందే తెలుసు. ఆ తర్వాత 381 రోజులు నడవడానికి కారణం కార్ల ఏర్పాటు: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ కారు ఎప్పుడు వస్తుంది అన్న పట్టిక. ప్రసంగాలు అందరికీ గుర్తున్నాయి, ఆ పట్టిక రాసినవాళ్లు ఎవరికీ గుర్తులేరు. మన పని ఎక్కువగా ఆ పట్టికే.

కొత్తచిగురు
ఈ పోస్టు ప్రింట్ తీసి మా ఆఫీసు గోడకు అంటిస్తున్నా.

నిలువుగడి
పట్టిక మాట వచ్చింది కాబట్టి నా వంతు. గోరువంక గారి పోస్టులో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది "సగం ఫోన్లో, సగం నోట్‌బుక్‌లో". ఆ ఫోన్ పోతే మీ సంఘంలో సగం పోయినట్టే. లాగ్‌ఫ్రేమ్, పటం అన్నీ పక్కనపెట్టి ముందు ఇది చేయండి.

పెద్ద సాఫ్ట్‌వేర్ కొనకండి. ఒక్క స్ప్రెడ్‌షీట్. ఒక మనిషికి ఒక వరుస, ఒక వరుసకు ఒక నంబరు. పేర్లతో గుర్తుపట్టకండి, లక్ష్మి పేరుతోనే మీకు పది మంది ఉంటారు. కాలమ్‌లు తక్కువ పెట్టండి: నంబరు, పేరు, ఫోన్, ఏ ప్రాంతం, ఎప్పుడు చేరారు, చివరిసారి ఎవరు మాట్లాడారు, ఏ తేదీ. ఆఖరి రెండూ అందరూ వదిలేస్తారు, నాకైతే అవే ముఖ్యం. ఆ తేదీ ప్రకారం షీట్‌ను సర్దితే ఎవరిని మర్చిపోయారో పైకి వచ్చేస్తారు.

సర్వేలకు కోబోటూల్‌బాక్స్ లేదా ఓడీకే అనే ఫారం యాప్ వాడండి. ఫోన్లో నెట్ లేకపోయినా ఫారం నింపొచ్చు, సిగ్నల్ దొరికాక పంపొచ్చు. ఫారం తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఫారం తయారయ్యాక ముందు ఐదుగురిమీద ప్రయత్నించండి. సగం ప్రశ్నలు అక్కడే మారిపోతాయి.

వానకోయిల
స్ప్రెడ్‌షీట్ అంటే గుర్తొచ్చింది, మా దగ్గర "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" అని మూడు ఫైళ్లు ఉండేవి. మూడింట్లోనూ వేర్వేరు ఫోన్ నంబర్లు.

నిలువుగడి
అందుకే ఫైల్ ఒక్కచోటే ఉండాలి, మార్చే హక్కు ఇద్దరికే ఉండాలి, మిగతావాళ్లు చూడొచ్చు. నెలకోసారి కాపీ తీసి తేదీ పేరుతో పెట్టుకోండి.

రెండోమాట
ఆగండి. అది ఇంటిపని కార్మికుల జాబితా. ఎవరు ఏ ఇంట్లో పనిచేస్తున్నారు, ఎవరు ఫిర్యాదు చేశారు అన్నది ఒక యజమాని చేతికి చిక్కితే ఏమవుతుంది? పని పోతుంది, దొంగతనం నెపం కూడా పడొచ్చు. ప్రతి కాలమ్ ముందు "ఇది మనకు నిజంగా కావాలా" అని అడగండి. యజమాని పేరు, చిరునామా సభ్యుల జాబితాలో ఉండనక్కర్లేదు. ఫిర్యాదులు విడి ఫైల్‌లో, నంబరుతో మాత్రమే, పాస్‌వర్డ్‌తో. పరిష్కారమైన ఫిర్యాదుల వివరాలు ఎప్పుడు చెరిపేస్తారో ముందే రాసిపెట్టుకోండి. ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు ఉంటే ఇవాళే ఆపండి. వివరాలు ఇచ్చేటప్పుడు అవి ఎవరు చూస్తారో, దేనికి వాడతారో ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. వద్దంటే వద్దు, దానివల్ల సభ్యత్వం పోకూడదు.

నిలువుగడి
నూటికి నూరుపాళ్లు సరి. నేను రాయాల్సింది మీరు రాశారు.

మేఘమాల
ఇంకెవరూ చెప్పలేదు కాబట్టి కమ్యూనిటీ స్కోర్‌కార్డ్ గురించి. కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ 2002లో ఆఫ్రికాలోని మలావీలో ఆరోగ్య సేవల కోసం మొదలుపెట్టింది. సేవ అందుకునేవాళ్లు ఒకచోట కూర్చుని మార్కులు వేస్తారు. సేవ ఇచ్చేవాళ్లు వేరేచోట తమకు తాము వేసుకుంటారు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు.

మేం ఒక ఆరోగ్య కేంద్రంతో చేశాం. "మర్యాదగా మాట్లాడటం" అన్నదానికి ఆడవాళ్లు ఐదుకు ఒకటి ఇచ్చారు, నర్సులు తమకు నాలుగు వేసుకున్నారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టేసరికి గది నిశ్శబ్దమైపోయింది. ఒక నర్సు లేచి, పొద్దున్నుంచి ఒక్కదాన్నే ఉంటానని, మందులు ఇచ్చేది, రిజిస్టర్ రాసేది, ఇంజక్షన్ వేసేది తనేనని చెప్పింది. ఆడవాళ్లకు ఆ సంగతి తెలీదు. చివరికి రెండు నిర్ణయాలు: లైన్లో టోకెన్లు ఇవ్వడానికి గ్రామ కమిటీ నుంచి ఒకరు కూర్చోవాలి, ఇంకో నర్సు పోస్టు కోసం ఇద్దరూ కలిసి అర్జీ పెట్టాలి. ఆరునెలలకు మళ్లీ మార్కులు వేశారు. ఒకటి మూడయింది.

మామూలుగా అయితే మేం ధర్నా చేసేవాళ్లం, ఆ నర్సు శత్రువు అయ్యేది.

పల్లెబాట
బాగుంది. కానీ మేఘమాల గారూ, ఎదురుగా కూర్చున్నవాడు దొంగ అయితే? మార్కులు వేసి మాట్లాడుకుంటే డబ్బు తిరిగి రాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 చివర్లో జన్ సున్వాయీలు, అంటే బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. పంచాయతీ పనుల లెక్కలు, కూలీల హాజరు పట్టీలు తెచ్చి ఊరంతా ఉన్నచోట పైకి చదివారు. చచ్చిపోయినవాళ్ల పేర్లు, ఆ పనికి ఎప్పుడూ పోనివాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. ఎవరి పేరు వినిపిస్తే వాళ్లు లేచి "నేను పోలేదు" అన్నారు. 2005లో సమాచార హక్కు చట్టం రావడానికి ఆ ఉద్యమం ఒక పెద్ద కారణం. అక్కడ స్కోర్‌కార్డ్ పెట్టి ఉంటే ఏం జరిగేది?

మేఘమాల
ఏమీ జరిగేది కాదు, ఒప్పుకుంటాను. ఎదుటివాళ్లకు చేయాలని ఉండి చేతకానప్పుడు స్కోర్‌కార్డ్. ఎదుటివాళ్లు దాస్తున్నప్పుడు బహిరంగ విచారణ. కానీ పల్లెబాట గారూ, మీ పద్ధతికి ముందు రికార్డు చేతిలో ఉండాలి. కాగితం లేకుండా సభ పెడితే సాక్ష్యం చెప్పినవాళ్లు ఒంటరివాళ్లవుతారు. ఇంటిపని విషయంలో అసలు రికార్డే ఉండదు, జీతం చేతికిస్తారు, సంతకం ఉండదు.

పల్లెబాట
అక్కడ దొరికిపోయాను. అయితే రికార్డు వాళ్లే తయారుచేసుకోవాలి. ఒక చిన్న కార్డు: తేదీ, ఎన్ని గంటలు, ఇచ్చిన జీతం. అది ఉంటే జీతం ఎగ్గొట్టినప్పుడు కనీసం చూపించడానికి ఒకటి ఉంటుంది.

గోరువంక
ఈ కార్డు మాట మా వాళ్లలో ఇద్దరికి చెప్పా, వెంటనే "ఎప్పుడు ఇస్తారు" అన్నారు. ఇంతవరకూ ఏ ట్రైనింగ్ తర్వాతా అలా అడగలేదు.

కొత్తచిగురు
మీటింగుల గురించి కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్. మావి మూడు గంటలు సాగుతాయి, బయటికొచ్చాక ఏం నిర్ణయించామో ఇద్దరు రెండు రకాలుగా చెప్తారు. మాట్లాడేవాళ్లు ఎప్పుడూ అదే నలుగురు.

వానకోయిల
మూడు చిన్న అలవాట్లు. ముందు ప్రతి ఒక్కరూ ఒక నిమిషం మాట్లాడాలి, రెండోసారి మాట్లాడే ముందు అందరి వంతూ అయిపోవాలి. నిర్ణయం దగ్గరికి వచ్చినప్పుడు వేళ్లు చూపించమంటాం: ఐదు అంటే పూర్తిగా ఒప్పుకుంటున్నా, మూడు అంటే బతకగలను, ఒకటి అంటే తీవ్ర అభ్యంతరం, పిడికిలి అంటే జరగనివ్వను. ఒకటి, రెండు చూపించినవాళ్లు కారణం చెప్పాలి. నోరు విప్పనివాళ్లు కూడా వేళ్లు చూపిస్తారు, అక్కడే చాలా బయటపడుతుంది. ఆఖర్న ఎవరు, ఏం, ఎప్పటికి అన్న మూడు కాలమ్‌లు రాసి, లేచే ముందు పైకి చదువుతాం. "మనం చేద్దాం" అని రాయనివ్వం, పేరు ఉండాలి.

లెక్కలమాస్టారు
దీనికి ఒకటి కలపండి. పెద్ద కార్యక్రమం అయిన రెండు రోజుల్లోపే నాలుగు ప్రశ్నలు: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, ఈసారి ఏం మార్చాలి. అమెరికా సైన్యం నుంచి వచ్చిన పద్ధతి ఇది. హోదా పక్కనపెట్టి మాట్లాడాలన్నది అందులో నియమం. డైరెక్టర్ ముందు మాట్లాడితే మిగతావాళ్లు ఆయన మాటే తిప్పి చెప్తారు, కాబట్టి డైరెక్టర్ చివర.

రెండోమాట
సైన్యం నుంచి వచ్చిందా? ఉద్యమాలకు ఇది అవసరమా?

దండోరా
ఎక్కడినుంచి వస్తే ఏం, రెండోమాట గారూ. ఓడిపోయిన ధర్నా తర్వాత ఒకరినొకరు నిందించుకుని విడిపోయిన సంఘాలను చూశాను. ఆ నాలుగు ప్రశ్నలు వరసలో అడిగితే నింద మూడో ప్రశ్న దాకా ఆగుతుంది. అప్పటికి కోపం కాస్త దిగుతుంది.

గోరువంక
అందరికీ చాలా థ్యాంక్స్. మా టీమ్‌తో కూర్చుని మాట్లాడుకున్నాం. ముందు నిలువుగడి గారు చెప్పిన షీట్, రెండోమాట గారి జాగ్రత్తలతో. తర్వాత పని కార్డు. ఒక సముదాయాన్ని ఎంచుకుని అధికార పటం, సభ్యులే గీస్తారు. ఆరునెలలకోసారి సెలవు ప్రశ్న, మూడు నెలలకోసారి కథలు. అవుట్‌కమ్ మ్యాపింగ్ ఇప్పటికి వద్దనుకున్నాం.

రెండు సందేహాలు మిగిలాయి. నిధులిచ్చేవాళ్లు వాళ్ల ఫార్మాటే కావాలంటారు, ఏం చెప్పాలి? మా సభ్యుల్లో చాలామందికి చదవడం రాదు, కథలు చదివి ఎంచుకోవడం ఎలా?

లెక్కలమాస్టారు
మొదటిదానికి. కాదని చెప్పకండి, మీరు కొలిచేది ముందు పెట్టండి. "మా సభ్యులు ఎంచుకున్న కొలత ఇది: వారంలో 24 గంటల విశ్రాంతి దొరికేవాళ్ల సంఖ్య. దీన్నే మీ ఫార్మాట్‌లో అవుట్‌కమ్ కింద పెడుతున్నాం" అని ఒక పేజీ రాసి, రిపోర్టు గడువు రాకముందే పంపండి. ఒప్పందం కుదిరే దశలో అడిగితే మార్చేవాళ్లు ఎక్కువ, రిపోర్టు రోజున అడిగితే తక్కువ. అవుట్‌కమ్ మ్యాపింగ్ పూర్తిగా పారేయకండి, దాన్నుంచి ఒక్క ముక్క తీసుకోండి. కెనడాలోని ఐడీఆర్‌సీ అనే అభివృద్ధి పరిశోధన సంస్థ 2001లో దాన్ని ప్రచురించింది. అందులో ఎదుటివాళ్ల ప్రవర్తనను మూడు అంచెల్లో రాస్తారు: కనీసం జరగాల్సింది, జరిగితే బాగుండేది, జరిగితే సంబరమే. అపార్ట్‌మెంట్ సంఘానికి అది సరిగ్గా సరిపోతుంది. మీటింగుకు రానివ్వడం కనీసం, సెలవు తీర్మానం చేస్తే బాగు, పక్క సంఘానికి వాళ్లే చెప్తే సంబరం. తీర్మానం రాకపోయినా ఎంత దూరం వచ్చారో చూపించగలుగుతారు.

సంధ్యారాగం
రెండోదానికి. రాయకండి, రికార్డు చేయండి. ఫోన్లో రెండు మూడు నిమిషాలు చాలు. అడిగేటప్పుడు ఆ గొంతు ఎవరెవరు వింటారో చెప్పండి, గొంతు గుర్తుపడతారన్న భయం ఉంటే ఇంకొకరు అదే కథను తమ గొంతుతో చెప్పొచ్చు. ఎంచుకునే రోజు ఒక్కో కథ వినిపించి, ఒక్కో కథకు ఒక గిన్నె పెట్టండి, తలా ఒక గింజ వేస్తారు. లెక్కపెట్టాక వదిలేయకండి, ఎక్కువ గింజలు పడినదానికే కాదు, రెండే పడినదానికీ "మీరెందుకు వేశారు" అని అడగండి. ఆ జవాబులు మాత్రం ఒకరు రాసుకోవాలి. మొదటిసారి ఆరేడు కథలు మించనివ్వకండి, వినీ వినీ అలసిపోతారు.